గట్టు రెండైన ఏడాది

మేస్త్రమ్మ పోయాక జరిగిన ఆదరణ కూడికలో పాస్టరు గారు మూడుసార్లు అడిగారు, "ఇంకెవరైనా మాట్లాడతారా?" అని. మూడోసారి ఆయన చూపు నా మీద కూడా ఆగింది. నేను తల దించుకుని, చేతికిచ్చిన పాటల కాగితం మడతలు పెడుతూ కూర్చున్నాను. అప్పటికే ఆరుగురు మాట్లాడారు. ఒకామె మేస్త్రమ్మ గొంతు గురించి చెప్పింది: పేట ఈ చివర కేకేస్తే ఆ చివర ఆటో స్టార్టయ్యేదని. ఒక రైతు, ఆమె ముఠా కోసిన చేలో పండుకాయ ఒక్కటి మిగిలేది కాదన్నాడు. మనవరాలు లేచింది, ఏడ్చింది, కూర్చుంది. నేను చెప్పాల్సిన సంగతి వాళ్ళెవరికీ తెలిసింది కాదు. అది చెప్పాల్సినవాణ్ణి నేనొక్కణ్ణే. చెప్పలేదు. షామియానా కింద భోజనం పెడితే తిని, చిలకలూరిపేట వచ్చి గుంటూరు బస్సెక్కాను.

ఆ రోజు చెప్పనిది ఇప్పుడు రాస్తున్నాను. ఆమె పేరు మాత్రం రాయను. మేం చేసిన ప్రోగ్రాంలో సాయపడినవాళ్ళ పేర్ల పేజీ ఒకటుంది. బొమ్మలు గీసినవాళ్ళు, తప్పులు పట్టినవాళ్ళు, ఎక్కడో బెంగళూరులో కూర్చుని ఒకే ఒక్క అక్షరం సరిచేసిన కుర్రాడు, అందరూ ఉన్నారు. ఆమె పేరు పెట్టాలని మాకు చాలాకాలం తోచలేదు. తోచాక అడిగితే, "నా పేరెందుకు బాబూ? ఫోను నంబరు కూడా పెడతావా ఏంది? ఊరికే ఫోన్లు చేసి చంపుతారు" అని నవ్వి వద్దంది. ఊళ్ళో అందరూ మేస్త్రమ్మ అనేవాళ్ళు. నేనూ అంతే.

మిరప కోతల ముఠాకి ఆమె మేస్త్రి. మా చుట్టుపక్కల ఆరేడు ఊళ్ళలో కాయ పండిందంటే ముందు ఆమెకి కబురు వెళ్ళాలి. పొద్దున్నే ట్రక్కు ఆటో వెనక పద్దెనిమిది ఇరవైమంది ఆడవాళ్ళు, డ్రైవరు పక్కన ఆమె. చీర మీద మగవాళ్ళ ఫుల్‌చేతుల చొక్కా, తలకి తువ్వాలు, చొక్కా జేబులో ప్లాస్టిక్ కవర్లో పెట్టిన పాత ఫోను. కవరు మీదనుంచే వేలితో నొక్కేది. తెర మీది అక్షరాల్ని ఒక్కొక్కటే కూడబలుక్కుని పైకి చదివేది. చదవడం అయ్యాక ఎదుటివాడి మొహం చూసేది, నువ్వు విన్నావా అన్నట్టు.

చేను దగ్గర ఆటో దిగాక ఎవర్నీ లోపలికి పోనిచ్చేది కాదు. ముఠా అంతా గట్టు మీదే. తనొక్కతే దిగి నాలుగు మొక్కలు దాటి, ఆకు తుంచి వేళ్ళ మధ్య నలిపి, నోరు కొంచెం తెరిచి పురుగుమందు వాసన ఉందేమో చూసేది. నోరెందుకు తెరుస్తావని అడిగాను ఒకసారి. "పడిశం పడితే ముక్కు పనిచెయ్యదు గదా. నాలిక్కి తెలుస్తది" అంది. ఇక కోత మొదలైతే మొక్కల వరసల్లో మొదటి సాలు ఆమెదే. ఆ సాలు ఇంకొకరికి ఇచ్చేది కాదు. ఏదన్నా ఉంటే ముందు తనకే తగలాలని.

ఇంకో అలవాటుండేది ఆమెకి. అడిగినదానికి జవాబు రాకపోతే గొంతు పెంచేది కాదు. అదే ప్రశ్న, అవే మాటల్లో, మళ్ళీ అడిగేది. కోపం కలిపేది కాదు, బతిమాలడం కలిపేది కాదు. రెండోసారికీ జవాబు రాకపోతే మూడోసారి. మూడోసారికి ఎంత మొండి రైతైనా దారికొచ్చేవాడు. ఆ ప్రశ్న చివర ఎప్పుడూ ఒకటే మాట: "నా ఆడోళ్ళకి ఏం చెప్పమంటావు?"

నేను గుంటూరులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాను. నాతో చదువుకున్న శ్రీనుది కనిగిరి. నల్ల తామర పురుగు మిరపని పట్టినప్పటినుంచి రైతులు వారం తిరక్కుండా మందు కొడుతున్నారు. ఏది ఎప్పుడు కొట్టారో వాళ్ళకే గుర్తుండటం లేదు. అది రాసుకోవడానికి మేమిద్దరం తెలుగులో ఒక ఫోన్ ప్రోగ్రాం చేశాం. పేరు 'గట్టు'. రైతు తన చేను పేరు రాసి, కొట్టిన మందు నొక్కితే చాలు; కొట్టి ఎన్ని రోజులైందో అదే లెక్కపెట్టి చూపిస్తుంది. తను ఒప్పుకున్నవాళ్ళకి ఆ పేజీ కనిపించేట్టు కూడా పెట్టుకోవచ్చు. ఓపెన్ సోర్స్ పద్ధతిలో చేశాం. అంటే దాని కోడు దాచం. ఎవరైనా చూడొచ్చు, తీసుకోవచ్చు, తమకి కావలసినట్టు మార్చుకుని మళ్ళీ పదిమందికీ పంచొచ్చు. ఇద్దరం ఉద్యోగాలయ్యాక సాయంత్రాలు కూర్చుని చేసిన పని. ఏడాది తిరిగేసరికి మా వైపు ఊళ్ళన్నిటికీ పాకింది. మేం గొప్పగా చేశాం కాబట్టి పాకిందనుకున్నాను.

ఎందుకు పాకిందో మా బాబాయి చేలో తెలిసింది. కోతల రోజుల్లో ఊరికి వెళ్ళి, గట్టు మీద నిలబడి ఉన్నాను. ముఠా దిగింది. మేస్త్రమ్మ దిగనివ్వలేదు.

"మందెప్పుడు కొట్టించారయ్యా?" అని మా బాబాయిని అడిగింది.

"మొన్న, అటుమొన్న. పదండి, ఎండెక్కుతోంది."

ఆమె ఫోను తీసి, కూడబలుక్కుని చదివింది. "నిన్న సాయంత్రం అని ఉందయ్యా దీంట్లో. ఫోను అబద్ధమా, మీరు మర్చిపోయారా?"

బాబాయి నాలిక కరుచుకున్నాడు. నిన్ననే రాసింది ఆయనే. నాకేసి చూసి, "నీ గట్టు మండా! ఇంటి దొంగని పెట్టావు గదరా" అన్నాడు. ఆడవాళ్ళు గట్టు మీద విరగబడి నవ్వారు. ముఠా ఆటో ఎక్కి వెనక్కి వెళ్ళిపోయింది.

ఆమె ప్రతి రైతుకీ ఒకటే మాట చెప్పిందట: "మీ చేను నా ఫోన్లో కనపడకపోతే నా ముఠా మీ చేలో కనపడదు." కోతలకి ఆడవాళ్ళు దొరకని ఊళ్ళలో ఆ మాటకి తిరుగేముంది? రైతులు కొడుకుల చేత, కోడళ్ళ చేత 'గట్టు' పెట్టించుకున్నారు. అంతకుముందు ఆమే, మందు కొట్టిన చేనుకి, అందరూ చేలకి పోయే డొంక పక్కన ఎర్రగుడ్డ కట్టిన పుల్ల గుచ్చమని పోరి పోరి అలవాటు చేసింది. ఫోనొచ్చాక ఆ పుల్లలు పోయాయి. ఫోన్లో ఉందిగా అన్నారు రైతులు. ఆమె కూడా సరేనంది.

ఇప్పుడు నా సంగతి.

చిలకలూరిపేటలో రైతుల సభ ఒకటి జరిగింది. వేదిక మీద పెద్దమనిషి ఒకాయన శ్రీనుని 'గట్టు తయారుచేసిన యువకుడు' అని, నన్ను 'ఆయనకి సాయం చేసిన మిత్రుడు' అని పరిచయం చేశాడు. శ్రీను మైకు తీసుకుని ఇద్దరం కలిసి చేశామని వెంటనే సరిదిద్దాడు కూడా. ఆ సరిదిద్దడం నాకింకా ఎక్కువ గుచ్చుకుంది. అది మొదలు. అంతకుముందు లేని తేడాలన్నీ మా మధ్య కనపడసాగాయి. నేను ప్రోగ్రాం తిరగరాశాను, పురుగు ఫొటో తీస్తే పేరు చెప్పేట్టు. బాగానే వచ్చింది. శ్రీను ఒక్కటే అడ్డం చెప్పాడు: "ఇది పాత ఫోన్లలో తెరుచుకోవట్లేదురా. మేస్త్రమ్మ ఫోన్లో అసలు తెరుచుకోదు."

"ఒక్కరి పాత ఫోన్ కోసం అందర్నీ ఆపాలా?" అన్నాను.

"ఒక్కరు కాదు. ఆ ఫోన్ వెనక ఇరవైమంది ఉన్నారు."

నేను వినలేదు. మొత్తం కోడు తీసుకుని వేరే ప్రోగ్రాంగా పెట్టాను. ఓపెన్ సోర్స్‌లో దీన్ని ఫోర్క్ అంటారు. తప్పేం కాదు, లోకంలో ఎన్నో మంచి ప్రోగ్రాములు అలా పుట్టాయి. నేను చేసిన తప్పులు వేరు. పేరు మార్చలేదు, అదే 'గట్టు', పక్కన చిన్నగా 'కొత్త' అని పెట్టాను. రైతులు రాసింది నా దగ్గరే ఉండేట్టు, పాతదాంట్లో కనపడకుండా చేశాను. రెండు నెలల్లో శ్రీనుది ఖాళీ అవుతుందని లెక్క. ఆ లెక్క ఎవరికీ చెప్పలేదు. రైతుల గ్రూపులో మాత్రం, 'మెరుగైన గట్టు వచ్చింది, అందరూ ఇందులోకి మారండి' అని పెట్టాను.

ప్రశ్నలు వచ్చిపడ్డాయి. అందరికీ కలిపి ఒకే వాక్యం రాశాను: 'ఇది ఓపెన్ సోర్స్, ఎవరికి ఇష్టమైంది వాళ్ళు వాడుకోవచ్చు.' ఆ వాక్యంలో అబద్ధం లేదు. జవాబూ లేదు. మేస్త్రమ్మ రాయదు కాబట్టి గొంతు రికార్డు చేసి పంపింది. "బాబూ, రెండు గట్లంటన్నారు. కొందరు దాంట్లో రాస్తన్నారు, కొందరు దీంట్లో రాస్తన్నారు. నా ఫోన్లో ఒక్కటే తెరుచుకుంటంది. నేను ఏది చూసి దిగాల? నా ఆడోళ్ళకి ఏం చెప్పమంటావు?" మర్నాడు మళ్ళీ అదే, అవే మాటలు. మూడో రోజు మళ్ళీ. మూడూ విన్నాను. తర్వాత చెబుదాంలే అనుకున్నాను. మూడోది విన్నాక ఆమె నంబరు మోగకుండా పెట్టాను.

గొడవ పెద్దదై, ఎరువుల కొట్టు మేడ మీద గదిలో మీటింగ్ పెట్టారు. శ్రీను కనిగిరి నుంచి వచ్చి కిటికీ పక్కన కూర్చున్నాడు. నేను ల్యాప్‌టాప్ తెరిచి బల్ల దగ్గర కూర్చున్నాను.

"ఒరేయ్ అబ్బాయ్, నా ఫోన్లో రెండు గట్లున్నాయి. దేన్ని పీకాలో చెప్పు, పీకేసి పోతా" అన్నాడు ముందు వరసలో పెద్దాయన.

"పాతదాంట్లో మూడేళ్ళ రాతలున్నాయి. అవి కొత్తదాంట్లోకి వస్తాయా, రావా?"

"అసలు ఎవరిదయ్యా ఇది? మీ ఇద్దర్లో ఎవరిది?"

"ఎవరిదీ కాదు, అందరిదీ" అన్నాను.

"అందరిదీ అయితే మమ్మల్ని అడక్కుండా ఎట్లా కోశారు?"

నవ్వులు. ఇంకొకాయన లేచాడు. "రేపు మూడోవాడొచ్చి ఇంకోటి పెడితే?"

"పెట్టుకోవచ్చండీ. లైసెన్సు ఒప్పుకుంటుంది."

"లైసెన్సు ఒప్పుకుంటే సరా? మా ఆవిడ ఒప్పుకోవద్దా? ఫోన్లో జాగా ఏదీ? మనవడి ఫొటోలు తీసెయ్యమంటావా?"

గదంతా గొల్లుమంది. అప్పుడు చూశాను, మేస్త్రమ్మ గుమ్మం బయట నిలబడి ఉంది. చెప్పులు మెట్ల కింద విడిచి, చొక్కా చేతులు దించుకుని. నవ్వులు తగ్గేదాకా ఆగి, నాకు పంపిన ప్రశ్నే అడిగింది. అవే మాటలు. గదిలోవాళ్ళు నాకేసి చూశారు. మూడుసార్లు విని జవాబు చెప్పలేదన్న సంగతి నాకూ ఆమెకీ తప్ప ఎవరికీ తెలియదు. అది బయటపడుతుందని భయపడ్డాను. ఆ భయంలో అన్నాను: "ఇది వాడేవాళ్ళ మీటింగమ్మా. రైతుల సంగతి ముందు తేలనీ."

"మేం వాడేవాళ్ళం కాదా బాబూ?"

"నువ్వు రాసేదేముంది? చూడటమేగా."

"అవును బాబూ. రాసేవాళ్ళు గట్టు మీదుంటారు. చూసేవాళ్ళం చేలో దిగుతాం" అంది. కోపం లేదు గొంతులో. మెట్లు దిగి వెళ్ళిపోయింది. శ్రీను లేచి కిటికీలోంచి కిందికి చూశాడు, నావైపు చూశాడు. మీటింగ్ ఎటూ తేలకుండానే టీలు తాగి లేచాం.

పదిహేను రోజుల తర్వాత, ఒక చేను. రైతు మంచివాడే. ఆ వారమే కొత్త గట్టుకి మారాడు; ముందురోజు సాయంత్రం మందు కొట్టి, పద్ధతిగా అందులో రాశాడు. మేస్త్రమ్మ పొద్దున్నే తన ఫోన్లో పాత గట్టు చూసింది. కొట్టి తొమ్మిది రోజులైనట్టుంది. డొంక పక్కన ఎర్రగుడ్డ పుల్ల లేదు. రైతు మందుల కొట్టుకి వెళ్ళి ఉన్నాడు, ఫోను ఎత్తలేదు, అడగడానికి మనిషి లేడు. ఆ రోజు మధ్యాహ్నానికే ఇంకో చేను ఒప్పుకుని ఉంది. తొందరలో ఆకు నలిపి చూడలేదు. ఆకుల మీద మంచు ఆరకముందే ముఠా దిగింది.

తొమ్మిదింటికి ఒకామె సాల్లోనే కూలబడింది. పదింటికి ఇంకో ముగ్గురు వాంతులు. అందర్నీ గట్టెక్కించి, నీళ్ళు పోయించి, ఆటో ఎక్కించి, చివర మేస్త్రమ్మ పడిపోయింది.

మర్నాడు బాబాయి ఫోన్ చేస్తే ఆస్పత్రికి వెళ్ళాను. వెళ్ళేలోపు దారంతా జవాబు కూర్చుకున్నాను. మిగతావాళ్ళు తేరుకున్నారు. ఆమె మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుంది, చేతికి సెలైను. చేతుల మీద, మెడ మీద చర్మం ఎర్రగా కందింది. చొక్కా లేకుండా ఆమెని చూడటం అదే మొదలు. చిన్న మనిషిలా ఉంది.

"ఎట్లా ఉన్నారమ్మా?" అన్నాను.

"ఇయాల మీరంటన్నావేంది?" అని నవ్వబోయి దగ్గింది. ఆమెకి మా అమ్మ వయసు. ఆ రోజుదాకా నేను నువ్వనే పిలిచాను. అందరూ అలాగే పిలిచేవాళ్ళు, నేనూ పిలిచాను.

కూర్చుకున్న జవాబు మొదలుపెట్టాను. "అసలేం జరిగిందంటే అమ్మా, ఆయన కొత్తదాంట్లో రాశాడు. మీరు పాతదాంట్లో చూశారు. అందుకని..."

"అంటే తప్పు నాదంటావా?"

పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"నాదీ ఉందిలే" అంది తనే. "ఫోను చూశాగదా అని ఆకు చూళ్ళా. ఇన్నేళ్ళలో ఎప్పుడూ మానలా. పిల్ల తల్లి, ఆ పక్క మంచం ఆమె. పాలిచ్చే బిడ్డుంది ఇంటికాడ. రెండ్రోజులు ఇవ్వొద్దన్నారు డాక్టరు. ఆ బిడ్డ రాత్రంతా ఏడుస్తాంటే వాళ్ళ అత్త వచ్చి నన్నడిగింది, నువ్వు చూళ్ళేదా మేస్త్రమ్మా అని. చూశానన్నా. మరి ఏం చూశావంది."

తప్పు నాదేనని అప్పుడు అన్నాను. ఆ మూడు రికార్డులూ విన్నానని, విని ఊరుకున్నానని కూడా చెప్పాను. ఆమె తల ఊపింది.

"తెలుసులే. రికార్డుల పక్కన నీలం గీతలు పడ్డాయి. ఇన్నావని తెలుసు."

తర్వాత ఆమె నిటారుగా కూర్చుంది. చేలో పని చెప్పేటప్పుడు కూర్చునే తీరు.

"మీరిద్దరూ కలవండని నేనేం అడగను. మా పేటలో అన్నదమ్ములు వేరు పడట్లా? పొలం చెరిసగం కోసుకుంటారు. వంటలు వేరు, వాకిళ్ళు వేరు. డొంకని ఎవడన్నా కోసుకుంటాడా? దాన్ని కోస్తే ఇద్దరూ చేలోకి పోలేరు, ఊరూ పోలేదు. మీరు డొంకని కోశారు బాబూ. ఏ చేలో మందెప్పుడు కొట్టారో ఆ ఒక్క మాట మీ ఇద్దరిదీ కాదు. అది మాది. దాన్ని ఎక్కడివాళ్ళకి అక్కడ కనపడేట్టు పెట్టు. మిగతాది నీ ఇష్టం. బొమ్మలే పెట్టుకుంటావో, సినిమాలే చూపిస్తావో."

కంప్యూటర్లలో నాది పదిహేనేళ్ళ చదువు, ఉద్యోగం. ఫోర్క్ గురించి అంత తేటగా నాకెవరూ చెప్పలేదు.

మర్నాడే కనిగిరి వెళ్ళాను. శ్రీను వాకిట్లో బండి తుడుస్తున్నాడు. నన్ను చూసి గుడ్డ పక్కన పెట్టలేదు.

"మేస్త్రమ్మ పంపిందా, నువ్వొచ్చావా?"

"పంపింది. వచ్చాను."

"తిన్నావా?"

"లేదు."

"తిని తిట్టుకుందాం రా" అన్నాడు.

అన్నం తింటున్నప్పుడు సభ సంగతి చెప్పాను. అదేనా కారణం అని ఆశ్చర్యపోయాడు. నేను మనసులో ఏడాది మోసిన దాన్ని వాడు ఆ సాయంత్రానికే మర్చిపోయాడు. తర్వాత వాడే అన్నాడు: "నా దగ్గరా ఉందిరా. నీ రైతులు రాసింది నా దాంట్లో కనపడదని నాకు తెలుసు. 'ఇందులో అన్ని చేలూ లేవు' అని తెర మీద ఒక్క ముక్క పెట్టొచ్చు. పెట్టలేదు. నీ పరువెట్లా పోతుందో చూద్దామని ఊరుకున్నా."

మేం మళ్ళీ ఒకటి కాలేదు. అది రాయకపోతే అబద్ధమవుతుంది. పనిచేసే తీరులో ఇద్దరికీ తేడా నిజంగానే ఉంది, ఉంటుంది కూడా. రెండు ప్రోగ్రాములూ ఉన్నాయి. నాదాని పేరు మార్చాను. మందు కొట్టిన రోజుల పట్టిక మాత్రం రెండిటికీ ఉమ్మడి. ఎందులో రాసినా రెండిట్లో కనపడాలి. మా ఇద్దరిలో ఎవరూ ఒక్కళ్ళే దాన్ని మార్చే వీల్లేదు.

పని అయిందని మేం అన్నాం. మేస్త్రమ్మ ఒప్పుకోలేదు. ఆస్పత్రి నుంచి వచ్చిన నాలుగో వారానికే, మెడ మీద మచ్చలు ఇంకా మానకుండానే, మనవరాలి ఫోను ఒక చేతిలో, తన ఫోను ఒక చేతిలో పట్టుకుని మా బాబాయి గట్టు మీద నిలబడింది. ముఠా అంతా వెనక. బాబాయి కొత్తదాంట్లో రాశాడు. ఆమె తన ఫోను చూస్తూ పైకి అంకెలు లెక్కపెట్టింది. వంద దాకా వచ్చినా ఏమీ కనపడలేదు.

"ఇయాల దిగం" అంది.

"సిగ్నల్ సరిగ్గా లేదమ్మా, ఇంకాసేపట్లో వస్తుంది" అన్నాను.

"సిగ్నల్ లేనప్పుడు ఏం చూపిస్తది నీ ఫోను? పాత రోజులే చూపిస్తది గదా? అది చూసి ఇంకొకామె దిగితే?"

"పండుకాయ రాలిపోతోంది మేస్త్రమ్మా!" అని అరిచాడు బాబాయి.

"రాలితే ఏరతాం అయ్యా. ఎక్కడికీ పోదు."

ముఠాని తిప్పుకుని వెళ్ళిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారికి, కొత్త కబురు అందనప్పుడు తెర మీద రోజుల లెక్క బదులు 'తెలియదు, రైతుని అడగండి' అని వచ్చేట్టు చేశాం. ఆమె అది కూడబలుక్కుని చదివి, నా మొహం చూసింది. "ఇది బాగుంది. తెలవకపోతే తెలవదని చెప్పడం నేర్చుకుంది" అంది. ఆ మాట ఫోన్ని అన్నదో నన్నన్నదో అడగలేదు. డొంక పక్కన ఎర్రగుడ్డ పుల్లలు కూడా మళ్ళీ పెట్టించింది. ఫోనున్నా సరే పుల్లుండాలి అంది.

ఎవరైనా ఈ ప్రోగ్రాం తీసుకుని వేరే దారి పట్టాలంటే ముందు జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు కొన్ని, ఆమె చెబుతుంటే నేను రాశాను. కోడు తెరిస్తే మొదటి పేజీ ఇప్పటికీ అదే. పేదవాళ్ళ ఫోన్లో తెరుచుకుంటుందా? అవతలిదాంట్లో రాసింది ఇందులో కనపడుతుందా? కనపడకపోతే ఆ సంగతి తెర మీద చెప్పారా? అడిగితే పలికే మనిషెవరు, నంబరేంటి? చివరి ప్రశ్న కింద నా నంబరు పెట్టాను. ఏటా మొదటి కోతకి ముందు ఆమె ఆ నంబరుకి చేసి, "పలుకుతుందో లేదో చూద్దామని చేశాలే" అని పెట్టేసేది.

మొన్న వానాకాలం, రైతులు నారు పోసుకునే రోజుల్లో పోయింది. గుండె అన్నారు డాక్టర్లు. ఆ రోజు మందుకీ దీనికీ సంబంధం లేదని కూడా అన్నారు. వాళ్ళు చదువుకున్నవాళ్ళు, నిజమే అయ్యుంటుంది. నేను మాత్రం ఆ మాట అడ్డం పెట్టుకోదలచలేదు.

ఈ వారం సింగరాయకొండ నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. వాళ్ళ జట్టు మా ప్రోగ్రాం తీసుకుని తమ వైపు రైతులకి తగ్గట్టు మారుస్తోందట. మర్యాదగా మాట్లాడాడు. ఉమ్మడి పట్టిక తమకి బరువవుతోందని, తమ రైతుల రాతలు తమ దగ్గరే ఉంచుకుంటామని చెప్పాడు. లైసెన్సు ఒప్పుకుంటుంది కదా సార్ అన్నాడు. ఒప్పుకుంటుంది అన్నాను. ఆపే హక్కు నాకు లేదు, ఆపను కూడా. కోడంతా తీసుకోండి, పేరు మీది పెట్టుకోండి, ఆ పట్టిక ఒక్కదాని గురించి మాత్రం మీ ఊరొచ్చి మాట్లాడతానన్నాను. తప్పకుండా రండి సార్, ఆదివారం పొద్దున పదింటికి రైతుల మీటింగ్ పెడుతున్నాం అన్నాడు.

"మీ వైపు కాయ కోసే ముఠాలెన్ని?" అని అడిగాను.

"తెలీదు సార్. కనుక్కుంటాను. ఎందుకు సార్?"

"మేస్త్రీలు రావాలి. వాళ్ళు లేకుండా మొదలుపెట్టొద్దు."

సాయంత్రానికి మళ్ళీ చేశాడు. తొమ్మిది ముఠాలున్నాయట. పదింటికి చేలో ఉంటాం, రాలేమన్నారట మేస్త్రీలు. అదీకాక ఆదివారం వాళ్ళలో సగంమంది చర్చికి పోతారట. వాళ్ళతో విడిగా ఇంకోసారి మాట్లాడదాం, ముందు రైతులతో కానిచ్చేద్దాం సార్ అన్నాడు. అచ్చం నా గొంతులాగే ఉంది.

"వాళ్ళు చేలోంచి ఎన్నింటికొస్తారు?"

"నాలుగవుతుంది సార్."

"అయితే నాలుగింటికి పెట్టండి. ఆదివారం వద్దు, వాళ్ళకి కుదిరే రోజు."

"రైతులు గొడవ చేస్తారు సార్. హాలు కూడా పదింటికే చెప్పేశాం."

"హాలు లేకపోతే డొంకలో కూర్చుందాం" అన్నాను.

అటువైపు కాగితం మీద ఏదో కొట్టేసి రాసుకుంటున్న అలికిడి. "శనివారం నాలుగు సార్" అన్నాడు. నేను శ్రీనుకి ఫోన్ చేసి, శుక్రవారం రాత్రికే కనిగిరి వస్తానని, బండి సిద్ధం చేసుకోమని చెప్పాను.